నాలుగూ నలభై నుంచి ఏడుంబావు దాకా

నా పని లెక్కపెట్టడం. ఆస్పత్రి వెనక వైపున, ఆపరేషన్ సామాన్లు శుభ్రం చేసే గదిలో పదిహేనేళ్ళుగా పనిచేస్తున్నాను. వాడేసిన కత్తెరలు, పటకార్లు, క్లాంపులు పైనుంచి ట్రేలలో దిగి వస్తాయి. వాటిని కడిగి, ఆరబెట్టి, ఒక్కొక్కటీ లైటు కింద తిప్పి చూసి, మళ్ళీ ట్రేలో పేర్చి, లెక్కపెట్టి, గుడ్డ చుట్టి ఆవిరి యంత్రంలోకి పంపాలి. పెద్ద ట్రేలో నలభై రెండు ఉండాలి. నలభై ఒకటే ఉంటే, మిగిలిన ఆ ఒక్కటి ఎవరి కడుపులో ఉండిపోయిందోనని ఆస్పత్రంతా గగ్గోలెత్తుతుంది. అందుకే మా గదిలో ఎవరూ ఏ కబురూ పూర్తిగా చెప్పరు. "నిన్న మా ఆడపడుచు ఏం చేసిందంటే" అని మొదలుపెట్టిన మనిషి "పదిహేడు, పద్దెనిమిది" దగ్గర తేలుతుంది. ఆ ఆడపడుచు ఏం చేసిందో నాకు ఈ రోజుకీ తెలియదు.

చేతులకు గ్లవ్స్ ఉంటాయి కాబట్టి ఫోను ముట్టుకోకూడదు. కిటికీ గట్టు మీద పెట్టుకోవచ్చు. మోగితే వినొచ్చు, అంతే. మా ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఆయన పని గోడల మధ్య గొయ్యిలో, అక్కడ సిగ్నలే అందదు. ఇలాంటి తల్లిదండ్రులు దొరికారు మా అమ్మాయికి. అందుకని దానికి ఎనిమిదేళ్ళప్పుడు, మొదటిసారి చేతికి ఫోను ఇచ్చిన రోజున, అదీ నేనూ ఒక కట్టుబాటు చేసుకున్నాం. ఒక రింగిచ్చి పెట్టేస్తే, ఇంటికి చేరాను అని. రెండిస్తే, ఆలస్యమవుతుంది అని. మూడిస్తే, నువ్వు రావాలి అని. మూడు రింగులిచ్చాక అది బడి ముందరి బస్టాపులో కూర్చోవాలి, నేనొచ్చేదాకా అక్కణ్ణించి కదలకూడదు. ఇద్దరం ఒకరి కోసం ఒకరం వెతుక్కుంటూ ఊరంతా తిరిగితే ఎవరికీ ఎవరూ దొరకరు కదా!

"నేను ఫోను చూడనక్కర్లేదు. చెవితోనే లెక్కపెట్టేస్తాను," అని గొప్పగా చెప్పాను దానికి. ఎనిమిదేళ్ళ పిల్ల కళ్ళింత చేసుకుని విన్నది. ఆ తర్వాత ఇన్నేళ్ళలో మూడు రింగులు వచ్చింది రెండే రెండుసార్లు. ఒకసారి జ్వరం వచ్చినప్పుడు, ఇంకోసారి బస్సులు ఆగిపోయినప్పుడు. రెండుసార్లూ ఇరవై నిమిషాల్లో ఆ బస్టాపులో ఉన్నాను.

ఇప్పుడు దానికి పదహారు. నాకంటే నాలుగు వేళ్ళు పొడుగు. నిలబడే తింటుంది, పడుకునే చదువుతుంది, కోపం వస్తే మాటలు పొదుపు చేస్తుంది. ఆ కోపం నా నుంచే వచ్చిందని మా ఆయన అంటాడు. నాకు కోపం వస్తే మాటలు దుబారా చేస్తానని ఆయనకు తెలియక కాదు.

పోయిన బుధవారం నేను ఆరున్నరకు ఇల్లు చేరేసరికి అది రాలేదు. ఆ రోజు దాని నంబరు నుంచి ఒక్క రింగూ రాలేదు. నేను చేస్తే, స్విచ్ ఆఫ్. ఏడయ్యింది. గుమ్మంలోకీ వంటింట్లోకీ ఎన్నిసార్లు తిరిగానో! అప్పుడు మాత్రం లెక్కపెట్టలేదు. ఏడుంబావుకి తలుపు తోసుకుని లోపలికొచ్చింది. చెప్పులనిండా దుమ్ము, మొహమంతా చెమట.

పిల్ల ఇంటికొచ్చిందని ప్రాణం లేచి రావాలా? వచ్చింది, అబద్ధమెందుకు. కానీ ప్రాణం కంటే ముందు నోరు లేచింది.

"ఎక్కడ తిరిగొస్తున్నావే?"

"ఫోను పోయింది."

"పోవడమేంటి?"

"కొట్టేశారు. బస్టాపులో."

"వెనక జేబులో పెట్టుకోవద్దని లక్షసార్లు చెప్పానా? చెప్పానా లేదా? చెవికెక్కితేగా!"

అది నా మొహంలోకి చూసింది. ఏదో వెతుకుతున్నట్టు చూసింది. "నువ్వు ఇంట్లోనే ఉన్నావా?" అని అడిగింది.

"ఉండక? ఆరున్నరకే వచ్చాను. నీలాగా ఊరేగి రాలేదు."

అది చెప్పులు విప్పి, వాటిని గోడవారగా సర్ది, లోపలికెళ్ళిపోయింది. మా అమ్మాయి చెప్పులు సర్దిందంటేనే ఏదో జరిగిందని నాకు తెలియాలి.

మర్నాడు పొద్దున్న మా ఆయన దాన్ని పోలీస్ స్టేషనుకు తీసుకెళ్ళి ఫిర్యాదు రాయించి రసీదు తెచ్చాడు. కొత్త సిమ్ము ఇవ్వాలంటే ఆ కాగితం ఉండాలట. ఏ కాగితం దొరికినా చదవడం నాకు అలవాటు, చదివాను. "దొంగతనం జరిగిన సమయం: సాయంత్రం 4.40" అని ఉంది.

నేను లెక్కల మనిషిని. నాలుగూ నలభై నుంచి ఏడుంబావుకి రెండు గంటల ముప్పై అయిదు నిమిషాలు.

"ఎలా వచ్చావు ఇంటికి?" అన్నాను రాత్రి అన్నాల దగ్గర.

"నడిచి. బస్సు కార్డు ఫోను కవరులో ఉంది."

"ఎంత మెల్లగా నడిచినా గంట. మిగతా గంటన్నర?"

"బస్టాపులో ఉన్నా."

"ఫోను పోయాక గంటన్నర బస్టాపులో కూర్చుని ఏం చేశావే? గుడ్లు పొదిగావా?"

మా ఆయన నవ్వబోయి దాని మొహం చూసి ఆగిపోయాడు. అది కంచం తీసుకెళ్ళి సింకులో పెట్టి తన గదిలోకి పోయింది. తలుపు వేసిన చప్పుడు కూడా రాలేదు. ధన్‌మని వేస్తే బాగుండేది. ధన్‌మని వేసే కోపం తెల్లారేసరికి తగ్గుతుంది.

"చెబుతుందిలే," అన్నాడు మా ఆయన. "లిఫ్టు మధ్యలో ఆగిపోతే తలుపు పట్టుకుని లాగకూడదు. లాగేకొద్దీ బిగుసుకుంటుంది."

"అది లిఫ్టు కాదు, కూతురు," అన్నాను.

మా గదిలో నాకంటే పదేళ్ళు పెద్దావిడ ఒకామె ఉంది. ట్రేలకు గుడ్డ చుట్టే పని ఆవిడది, అందరం అక్క అంటాం. నోట్లో నువ్వుగింజ నానదు. అది తెలిసి కూడా శుక్రవారం ఆవిడకే చెప్పుకున్నాను. అక్క గుడ్డ మడత మీద బొటనవేలితో గట్టిగా గీసి, "పదహారేళ్ళ పిల్ల గంటన్నరకి లెక్క చెప్పట్లేదంటే, ఆ లెక్కలో ఇంకెవరో ఉన్నట్టేనమ్మా," అంది. "నిప్పు లేనిదే పొగ రాదు. ఇప్పుడు ఇంటిల్లిపాదికీ కలిపి ప్లాన్లు వచ్చాయిగా. పిల్లలు ఎక్కడ తిరుగుతున్నారో మన ఫోనులో చుక్కలా కనిపిస్తుంది. మా మరదలు అదే తీసుకుంది. వాళ్ళ పిల్ల ఇప్పుడు ఎంత బుద్ధిగా ఉంటోందో!"

ఆ మాట విని నవ్వి ఊరుకోవలసింది. ఊరుకోలేదు. ఆ గంటన్నరలో ఎవరో ఒకడు వచ్చి కూర్చున్నాడు. ఒకసారి వాడికి నీలం చొక్కా తొడిగాను, ఒకసారి బండి ఇచ్చాను. అసలు ఫోను పోయిందన్నదే అబద్ధమేమో, వాడికే ఇచ్చేసిందేమో అని కూడా అనుకున్నాను. నాకు కోపం వచ్చిందనుకున్నాను గానీ అది కోపం కాదు, భయం. ఇన్నాళ్ళూ నా కూతురు ఎక్కడున్నదీ ఒకటి, రెండు, మూడు అని నాకు వినిపిస్తూ వచ్చింది. ఇప్పుడు నాకు వినిపించని చోటొకటి దానికి ఏర్పడింది. అందులో ఏముందో తెలియకపోతే దాన్ని పోగొట్టుకుంటానని భయం.

శనివారం ఇద్దరం ఫోను కంపెనీ వాళ్ళ ఆఫీసుకు వెళ్ళాం. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు, ఆఫీసు నిండా దొంగల గురించి జాగ్రత్తలు చెప్పే బోర్డులే. టోకెను అరవై మూడు. నేలకు బిగించిన కుర్చీల్లో గంటసేపు పక్కపక్కనే కూర్చున్నాం. మధ్యలో నా సంచీ. అది అటు చూస్తోంది, నేను ఇటు చూస్తున్నాను. బల్లల మీద కొత్త ఫోన్లన్నిటినీ చుట్టలు తిరిగిన తీగలతో కట్టేశారు. మా అమ్మాయి లేచి వెళ్ళి చూస్తుందేమో, కెమెరా గురించి గొడవ పడుతుందేమో అనుకున్నాను. పడితే బాగుండునని కూడా అనుకున్నాను. లేవలేదు.

కౌంటరులో ఉన్నావిడకి యాభై దాటి ఉంటాయి. కళ్ళద్దాలు నెత్తి మీదుంచుకుని వాటి కోసం బల్లంతా వెతుకుతోంది. "నెత్తి మీదున్నాయండీ," అన్నాను. "రోజుకి పదిసార్లు చెప్పించుకుంటాను," అంటూ దింపుకుని, రసీదు చదివి, నాలుగు ఫోన్లు ముందు పెట్టింది. మా అమ్మాయి వాటిలో అన్నిటికంటే చవకదాని మీద వేలు పెట్టింది. తిప్పి కూడా చూడలేదు.

"నంబరు పాతదే ఉంచమంటారా, కొత్తదివ్వమంటారా?"

"పాతదే," అన్నాను నేను.

"కొత్తదివ్వండి," అంది అది.

"ఎందుకూ?"

"ఏదైతే ఏముంది?"

చూశారా, నీలం చొక్కా వాడి జాడ నాకు దొరక్కుండా చేయాలని చూస్తోంది, అనుకున్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అన్నట్టుంది నా బుద్ధి. నాలుగోది కనిపిస్తే విరగ్గొట్టేలా ఉన్నాను.

ఆవిడ మా ఇద్దరినీ ఒకసారి చూసి, నంబరు సంగతి తర్వాత చూద్దామని ప్లాన్ల అట్ట తీసింది. మొదటిది రోజుకింత డేటా అని ఉండేది, మామూలుది. రెండోది ఇంకొంచెం ఎక్కువది. మూడోది ఇంటి ప్లాను, ముగ్గురి నంబర్లూ ఒకే బిల్లులో, మాట్లాడుకోవడం ఎంతైనా ఉచితం. "ఇందులోనే ఎవరెక్కడున్నారో మ్యాపులో చూసుకునే సౌకర్యం కూడా ఉంది. కావాలంటేనే పెడతాం," అంది.

"మూడోదివ్వండి. ఆ చుక్క కూడా పెట్టండి," అన్నాను. "ఈ అమ్మాయిది నాకు కనిపించాలి."

పక్క కౌంటరు వాళ్ళు కూడా తలతిప్పి చూశారు. నా గొంతు అంతే, ఆవిరి యంత్రం పక్కన పదిహేనేళ్ళు అరిచిన గొంతు.

"పదహారు నిండాయి కాబట్టి అమ్మాయి సంతకం కూడా కావాలండి," అంది ఆవిడ మెల్లగా.

"దేనికి ఇదంతా?" అంది మా అమ్మాయి. నన్నే అడిగింది.

"దేనికో నీకు తెలుసు."

"నాకు తెలీదు."

"గంటన్నర," అన్నాను. "ఆ గంటన్నర చెప్పు, చుక్కా అక్కర్లేదు, గిక్కా అక్కర్లేదు."

"చెప్పాగా. బస్టాపులో ఉన్నా."

కౌంటరావిడ గొంతు సవరించుకుంది. ఇలాంటి తల్లీకూతుళ్ళను రోజుకెంతమందిని చూస్తుందో! "ముందు మీ నంబరు ఈ ప్లానులోకి మార్చేస్తానండీ," అంటూ నా వైపు తిరిగి కీబోర్డు మీద టకటకలాడించింది. "మీరొక నంబరు బ్లాక్ చేయించారు. బుధవారం సాయంత్రం అయిదున్నరకి. ప్లాను మారితే అది పోతుంది. మళ్ళీ పెట్టమంటారా?" ఆ నంబరు చివరి నాలుగంకెలు చదివింది.

"పెట్టండి, పెట్టండి," అన్నాను. "పనీపాటా లేని మనిషెవరో! నేను పనిలో ఉండగా రెండుసార్లు. పోనీ ఎత్తేదాకా ఆగుతారా అంటే అదీ లేదు. సరిగ్గా మూడు రింగులిచ్చి..."

నా నోరు అక్కడ ఆగిపోయింది.

బుధవారం అయిదు దాటిన కాసేపటికి నా ముందు పెద్ద ట్రే ఉంది. ఇరవై తొమ్మిది దగ్గరున్నాను. కిటికీ గట్టు మీద ఫోను మోగింది. ఒకటి, రెండు, మూడు, ఆగిపోయింది. ఫోను చూడనక్కర్లేదని గొప్పలు పోయిన నేను రెండడుగులు వేసి చూశాను. ఎవరిదో తెలియని నంబరు. "హమ్మయ్య, మనది కాదు," అనుకున్నాను. నాకు ఆ హమ్మయ్య బాగా గుర్తుంది, ఎంత హాయిగా ఉందో కూడా గుర్తుంది. వెనక్కొచ్చి ముప్పై అన్నాను. అయిదు నిమిషాలకు మళ్ళీ మూడు రింగులు. ఈసారి విసుగొచ్చింది. అయిదున్నరకు టీకి గ్లవ్స్ తీసినప్పుడు మొదట చేసిన పని ఫోను కంపెనీకి మెసేజి పెట్టి ఆ నంబరు బ్లాక్ చేయించడం. టీ తాగాను కూడా.

నేను మెల్లగా మా అమ్మాయి వైపు తిరిగాను. అది నన్నే చూస్తోంది. దాని మొహంలోనూ ఏదో మారుతోంది.

"నువ్వు బ్లాక్ చేశావా?" అంది.

"ఎవరిదే ఆ ఫోను?"

"బస్టాపులో ఒకావిడ. నేను ఏడుస్తుంటే ఇచ్చింది." ఒక్కో మాటా ఆగి ఆగి వచ్చింది. "నువ్వు ఎత్తవు కదా. అందుకే మూడిచ్చి పెట్టేశా. కాసేపాగి మళ్ళీ మూడిచ్చా. రెండోసారి కూడా ఇస్తే తప్పకుండా వస్తావులే అనుకున్నా."

"నంబరు వేరేది కదే తల్లీ..."

"నువ్వు చూడవుగా. చెవితో లెక్కపెడతా అన్నావుగా."

ఎనిమిదేళ్ళ పిల్లకు చెప్పిన గొప్ప అది. పదహారేళ్ళొచ్చినా అలాగే నమ్మింది. మూడు రింగుల దగ్గర పెట్టేయకుండా ఇంకో నాలుగు మోగనిచ్చి ఉంటే, నేను ఎవరా అని గ్లవ్స్ తీసి ఎత్తేదాన్నేమో. ఏ ఇంటి పిల్లయినా అదే చేస్తుంది. మా ఇంటి పిల్ల మాత్రం చేయదు. చేయకూడదని నేర్పింది నేనే.

"ఇంట్లో అడగొచ్చు కదే, ఎందుకు రాలేదమ్మా అని!"

"నువ్వే చెబుతావనుకున్నా. రాగానే తిట్టావు." కళ్ళు తుడుచుకుంది. "విని కూడా రాలేదనుకున్నా. పెద్దదాన్నయ్యా కదా, ఇంక రావేమో అనుకున్నా."

కౌంటరావిడ కంప్యూటరు వైపే చూస్తూ, ఎవరికో చెబుతున్నట్టుగా అంది: "ఆ నంబరు నుంచి బ్లాకులో ఆగిపోయినవి ఇంకో రెండున్నాయి. ఆరుంబావుకి కొంచెం ముందొకటి, ఎనిమిదింటికొకటి."

"ఆవిడ తన బస్సు వచ్చేదాకా నాతోనే ఉంది," అంది మా అమ్మాయి. "తోడుండనా అంది, చార్జీకి డబ్బులిస్తానంది. మా అమ్మ వచ్చేస్తుంది, మీరెళ్ళండి అన్నా. మీ అమ్మకి మళ్ళీ ఫోన్ చేస్తానులే అని వెళ్ళింది." తర్వాత కౌంటరావిడతో, "ఆ బ్లాకు తీసేయండి ఆంటీ. ఆవిడ చాలా మంచావిడ," అంది.

నేను ఏడ్చాను. దాచుకోవడానికేముంది? టోకెను అరవై నాలుగు, అరవై అయిదు చూస్తుండగానే ఏడ్చాను. "తప్పు నాది తల్లీ. నువ్వు పిలిచావు. నేను విన్నాను. విని రాలేదు," అన్నాను. ఇంకా చాలా అనాలనుకున్నాను, ఆ నీలం చొక్కా వాడి గురించి కూడా ఒప్పుకోవాలనుకున్నాను. ధైర్యం చాలలేదు. ఆ సంగతి దానికి ఇప్పటికీ చెప్పలేదు.

కౌంటరావిడ మాకు మంచినీళ్ళు తెప్పించి, కాగితం ముందుకు జరిపింది. చుక్క తాలూకు కాగితం అది. కనిపించేవారు, చూసేవారు అని రెండు గళ్ళున్నాయి. "ఇది వదిలేద్దామా?" అంది.

వదిలేయండి అనబోయాను. మా అమ్మాయి ఆ కాగితం వైపు చూస్తూ, "ఆ రోజు నేనెక్కడున్నానో నాకు తెలుసమ్మా," అంది. "నువ్వెక్కడున్నావో తెలీలేదు."

నేను కలం తీసుకుని, కనిపించేవారు అన్న గడిలో నా పేరు రాశాను. చూసేవారు అన్న గడిలో దాని పేరు రాశాను. కింద సంతకం పెట్టాను.

"మరి అమ్మాయిది?" అంది ఆవిడ.

మా అమ్మాయి కలం అందుకుని, మళ్ళీ బల్ల మీద పెట్టేసింది. "ఇప్పుడొద్దు," అంది.

"సరే," అన్నాను. గుండెలో ముల్లు గుచ్చుకున్నట్టయింది. గుచ్చుకోవలసిందే. మూడు రోజులపాటు నేను దానికి గుచ్చింది ఇంతకంటే పెద్దది.

నంబరు పాతదే ఉంచమని అదే చెప్పింది. ఫోను మాత్రం మళ్ళీ చూసుకుంది, ఈసారి తిప్పి, వెలుతురులో పెట్టి, కెమెరా సంగతులు అడిగి, చివరికి రెండోది తీసుకుంది. ఆ అడగడం వింటుంటే నాకు ఆకలి కూడా వేసింది.

బయట మెట్ల మీద నిలబడి ఆ మూడు రింగులావిడకి ఫోన్ చేశాను. నేనెవరో సగం చెప్పేలోపే, "అమ్మాయి ఇంటికి చేరిందా?" అని అడిగింది. మూడు రోజులయ్యిందప్పటికి. చేరిందండీ అన్నాను. "హమ్మయ్య," అంది ఆవిడ. నేను అనుకున్న హమ్మయ్యకీ ఆవిడ అన్నదానికీ ఎంత తేడా ఉందో నాకు తెలిసింది. ఆవిడ పరాయి పిల్ల కోసం అంది. నేను పరాయి పిల్లనుకుని అన్నాను.

ఇంటికెళ్ళే బస్సు మా అమ్మాయి బడి మీదుగానే వెళుతుంది. ఆ స్టాపు రాగానే నేను లేచాను.

"ఇక్కడెందుకు?" అంది.

"చూస్తాను."

శనివారం మధ్యాహ్నం, బడి లేదు, స్టాపులో ఎవరూ లేరు. మూడు ఇనప కుర్చీలు, ఒక రేకు కప్పు, బస్సుల వేళలు రాసిన తెల్లబోర్డు. "ఈ చివర కూర్చున్నా," అని చూపించింది. "నువ్వు ఆస్పత్రి వైపు నుంచి వస్తావుగా, ఇటైతే మలుపు దాకా కనిపిస్తుంది." కూర్చుని చూశాను. నిజమే, మలుపు దాకా కనిపిస్తోంది. అక్కడ తిరిగే ప్రతి బస్సూ, ప్రతి ఆటో దూరం నుంచే తెలుస్తుంది. గంటన్నరలో ఎన్ని తిరిగి ఉంటాయో లెక్కపెట్టబోయి మానేశాను.

అది కొత్త ఫోనులో ఏదో నొక్కుకుంటూ స్టాపు అవతలికి నడిచింది. నేను ఊరికే తల తిప్పితే, వేళల బోర్డు అడుగున, కూర్చున్న మనిషి కళ్ళకు ఎదురుగా, నీలం పెన్నుతో చిన్న అక్షరాలు. బడి పుస్తకాల మీద నేను పదేళ్ళుగా చూస్తున్న దస్తూరీ.

"అమ్మా, ఆరుంబావు దాకా చూశాను. చీకటి పడుతోంది. కదలొద్దన్నావు కానీ నడిచి ఇంటికెళ్తున్నా. నువ్వొచ్చేసరికి నేను లేనని కంగారు పడకు."

అది నన్ను చూసి పరుగెత్తుకొచ్చి బోర్డు మీద అరచెయ్యి పెట్టేసింది. "చదవకు. చెరిపేద్దామనుకున్నా," అంది. మొహం ఎర్రబడింది.

ఆ చెయ్యి బోర్డు మీద నుంచి తీసి నా చేతిలో పెట్టుకున్నాను. బడి ముందర చెయ్యి పట్టుకోనివ్వడం అది ఎప్పుడో మానేసింది. తర్వాతి బస్సు వచ్చేదాకా అలాగే కూర్చున్నాం, వెనక్కి లాక్కోలేదు.